ఎనిమిది గ్లాసుల కాఫీ, ఒక ఫిషర్

మా రూమ్మేట్‌ది కుప్పం. గ్లాసులో ముందు డికాక్షన్ పోసి తర్వాత పాలు పోశారా, ముందు పాలు పోసి తర్వాత డికాక్షన్ పోశారా అన్నది ఒక్క గుటకలో కనిపెట్టేస్తానని వాడు ఫస్టియర్ నుంచి చెప్తూనే ఉన్నాడు. సెకండియర్‌లో ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ వచ్చాక వాణ్ణి పట్టుకునే దారి దొరికింది. ఎనిమిది గ్లాసులు పెట్టాం. నాలుగింట్లో డికాక్షన్ ముందు, నాలుగింట్లో పాలు ముందు. ఏది ఎన్నో నంబర్‌లో రావాలో చీటీలు తీశాం. డికాక్షన్ ముందు పోసిన నాలుగూ ఏవో వాడు చెప్పాలి. మూడు కరెక్ట్‌గా చెప్పాడు, ఒకటి తప్పింది.

వాడు గెలిచానన్నాడు. మదనపల్లె నుంచి వచ్చే ఇంకో ఫ్రెండ్ కూడా గెలిచాడనే అన్నాడు. నాది పుంగనూరు, మాకు అంత తొందరగా నమ్మకం కుదరదు. లెక్క వేశాను. ఎనిమిదిలోంచి నాలుగు ఎంచుకోవడానికి 70 పద్ధతులున్నాయి. నాలుగూ సరిపోయేది ఒక్కటే. మూడు సరిపోయి ఒకటి తప్పేవి 16. అంటే ఏ రుచీ తెలియనివాడు గుడ్డిగా చెప్పినా 70లో 17 సార్లు మావాడంత బాగా చెప్పేస్తాడు. సుమారు 24 శాతం. దీన్ని గెలుపు అనలేం. అలాగని మావాడికి ఏమీ తెలీదని కూడా అనలేం. ఆ రెండో ముక్క దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఈ ఆట నేను కనిపెట్టింది కాదు. కాఫీ బదులు టీతో దీన్ని 1935లో ఒక పుస్తకంలో పెట్టినాయన రొనాల్డ్ ఐల్మర్ ఫిషర్. మన సిలబస్‌లో సగం ఆయనదే. వేరియన్స్, అనోవా, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, 0.05, మెషిన్ లెర్నింగ్ ల్యాబ్‌లో అందరం వాడే ఐరిస్ పూల డేటా (1936) అన్నీ ఆయన చేతి మీదుగానే మన దాకా వచ్చాయి. ఆయన ఎవరో మాత్రం టెక్స్ట్‌బుక్‌లో ఒక్క లైన్ కూడా లేదు.

ఫిషర్ 1890 ఫిబ్రవరి 17న లండన్‌లో పుట్టాడు. తండ్రి కళావస్తువుల వేలంపాటల వ్యాపారి, బాగా కలిగినవాళ్ళు. ఫిషర్‌కి పద్నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. ఆ తర్వాత కొద్ది కాలానికే తండ్రి వ్యాపారమూ పోయింది. చిన్నప్పటి నుంచీ చూపు చాలా తక్కువ. కళ్ళు పాడవుతాయని దీపం వెలుతురులో చదవనిచ్చేవాళ్ళు కాదు. అందుకని సాయంత్రాలు లెక్కలన్నీ పేపరూ పెన్నూ లేకుండా నోటితో చెప్పించుకుని, బొమ్మలుగా మనసులో కట్టుకుని చేసేవాడు. పెద్దయ్యాక ఆయన రాసిన పేపర్లు జనానికి అర్థం కాకపోవడానికి కారణం కూడా ఇదేనంటారు. ఆయనకి కనిపించే బొమ్మ మిగతావాళ్ళకి కనిపించదు, మధ్య స్టెప్పులు ఆయన రాయడు.

స్కాలర్‌షిప్ మీద 1909లో కేంబ్రిడ్జిలో చేరి 1912లో డిగ్రీ తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరదామంటే చూపు బాగాలేదని తీసుకోలేదు. నాలుగేళ్ళు స్కూళ్ళలో పాఠాలు చెప్పాడు, అది ఆయనకి అస్సలు పడలేదు. 1917లో పదిహేడేళ్ళ ఐలీన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. డబ్బులు చాలక ఇద్దరూ కాస్త భూమిలో వ్యవసాయం చేస్తూ పశువులని పెంచుకున్నారు. అట్లాంటి రోజుల్లోనే 1918లో ఆయన రాసిన పేపర్‌లో వేరియన్స్ అనే మాట మొదటిసారి వచ్చింది.

ఆ పేపర్ గురించి చెప్పాలంటే మా ఊరి ఆవుతో చెప్పొచ్చు. పుంగనూరు ఆవు మూడడుగుల లోపే ఉంటుంది. కానీ అన్నీ ఒకే ఎత్తు ఉండవు. ఒకటి రెండంగుళాలు ఎక్కువ, ఇంకొకటి తక్కువ, మధ్యలో అన్ని ఎత్తులూ ఉంటాయి. మెండెల్ బఠానీలేమో పొడుగు లేదా పొట్టి, మధ్యలో ఏమీ లేదు. ఈ రెండూ ఎట్లా పొసుగుతాయని అప్పటి సైంటిస్టులు రెండు పార్టీలుగా విడిపోయి కొట్టుకుంటున్నారు. చాలా జన్యువులు తలా కొంచెం ఎత్తు కలిపితే మెండెల్ సూత్రాలతోనే ఇట్లాంటి నునుపైన తేడాలు వస్తాయని ఫిషర్ లెక్కతో చూపించాడు. అప్పటికి ఆయన మామూలు స్కూల్ మాస్టరు.

1919లో రాథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. ఆ ఏడాదే మదనపల్లెలో ఠాగూర్ జనగణమనని ఇంగ్లిష్‌లోకి తిప్పారు. మదనపల్లె ఫ్రెండ్స్ ఎవరు పరిచయమైనా ముందు చెప్పేది అదే కాబట్టి ఆ సంవత్సరం నాకు మర్చిపోలేకుండా గుర్తుంది. రాథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి పొలాల్లో ఏ ఎరువు వేస్తే ఎంత పండిందో రాసిన పుస్తకాలు గుట్టలుగా పడున్నాయి. వాటిలోంచి ఏమైనా తీయగలవా అని ఆయన్ని పెట్టుకున్నారు.

ఆ గుట్టలు తవ్వాక ఆయనకి తెలిసింది ఏంటంటే, ప్రయోగం సరిగ్గా పెట్టకపోతే తర్వాత ఎంత లెక్క వేసినా లాభం లేదు. మదనపల్లె చుట్టుపక్కల టమాటా రైతుని అనుకోండి. కొత్త రకం విత్తనం బావి పక్క మడుల్లో, పాత రకం దూరం మడుల్లో వేస్తే కొత్తదే ఎక్కువ కాస్తుంది. కాసింది విత్తనం వల్లా నీళ్ళ వల్లా? ఎవరూ చెప్పలేరు. సరే అని ఒకటి విడిచి ఒకటి వేసినా చిక్కే. వాలు కూడా అదే వరసలో ఉంటే మళ్ళీ మోసపోతాం. ఏ మడికి ఏ విత్తనమో చీటీ తీయమన్నాడు ఫిషర్. అప్పుడు నీళ్ళూ వాలూ మాత్రమే కాదు, మనకి తెలియని కారణాలు కూడా ఏదో ఒక పక్కకి జట్టు కట్టవు. కాఫీ గ్లాసులకి మేం చీటీలు తీసింది అందుకే. శాంపిల్ విషయంలోనూ ఇదే. టమాటా మార్కెట్‌లో క్రేటు పైవరస చూసి ధర పెట్టే కొత్త వ్యాపారి గతి ఏమవుతుందో మీకు తెలుసు.

టీ కథ రాథమ్‌స్టెడ్‌లోనే జరిగింది. మ్యూరియల్ బ్రిస్టల్ అనే నాచు మొక్కల శాస్త్రవేత్తకి ఫిషర్ టీ ఇస్తే, పాలు ముందు పోస్తేనే తాగుతాను, ఇది వేరేగా ఉంది అందట. 1935 పుస్తకంలో ఆమె పేరు లేదు, ఫలితమూ లేదు. అసలు ఫలితం ఆయనకి ముఖ్యం కాదనిపిస్తుంది. ఎనిమిది కప్పులూ తప్పు లేకుండా చెప్తే 70లో ఒక్కటే అవకాశం, ఒక్కటి తప్పినా వదిలేయాలి అని ముందే గీత గీసుకోవడం, అదీ ఆయన చెప్పదలుచుకుంది. 1925లో వచ్చిన ఇంకో పుస్తకంలో ఇరవైలో ఒకటి అన్న హద్దు, అంటే మన 0.05, సౌకర్యంగా ఉంటుందని రాశాడు. సౌకర్యం, అంతే. తర్వాత 1956లో ఏ శాస్త్రవేత్తా ప్రతి సందర్భంలోనూ ఒకే హద్దు పట్టుకుని కూర్చోడని కూడా రాశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది, 0.05 పాస్ మార్క్ అయిపోయింది.

ఆయన గొడవల మనిషి. కార్ల్ పియర్సన్‌తో, తర్వాత నేమన్‌తో జీవితమంతా పోట్లాడాడు. అన్నీ చెప్పను, ఒక్కటి చెప్తా. రెండు వరసలూ రెండు నిలువులూ ఉన్న టేబుల్‌కి కై-స్క్వేర్ వేసేటప్పుడు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మూడు అని పియర్సన్ లెక్క. టైఫాయిడ్, కలరా టీకాల అంకెలు చూస్తున్న గ్రీన్‌వుడ్, యూల్ అనే ఇద్దరికి 1915లో ఇది ఎక్కడో పొసగడం లేదని అనుమానం వచ్చింది. 1922లో ఫిషర్ అది మూడు కాదు, ఒకటి అని చూపించాడు. పియర్సన్ అప్పటికి ఆ రంగానికి పెద్ద దిక్కు. ఒప్పుకోలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, టీకా టేబుల్ ఒకటి మన పక్కనే ఉంది.

ఆర్ భాషలో మెటాఫర్ అనే ప్యాకేజ్ ఉంది. అందులో బీసీజీ టీకా మీద ప్రపంచవ్యాప్తంగా జరిగిన 13 ప్రయోగాల డేటా ప్రాక్టీస్ కోసం పెట్టారు. అసైన్‌మెంట్ కోసం దాన్ని ఓపెన్ చేస్తే అయిదో వరస: ఫ్రిమోట్-మోలర్, 1973, అక్షాంశం 13. ఊరి పేరు లేదు. పదమూడు డిగ్రీలంటే మన వైపే కదా అని వెతికితే తేలింది, అది మదనపల్లె. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల శానటోరియం మొదలైంది. అక్కడి డేనిష్ డాక్టర్ యోహానెస్ ఫ్రిమోట్-మోలర్, సహచరులు 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి క్షయ సర్వే చేశారు, బీసీజీ ప్రయోగం పెట్టారు. టేబుల్‌లో ఉన్న అంకెలివి: టీకా వేసినవాళ్ళు 5,069 మంది, అందులో జబ్బు వచ్చింది 33 మందికి. వేయనివాళ్ళు 5,808 మంది, జబ్బు వచ్చింది 47 మందికి.

మా అవ్వ పుట్టింది మదనపల్లె పక్క పల్లెలోనే, సరిగ్గా ఆ కాలంలోనే. ఫోన్ చేసి అడిగాను. సూదులూ లిస్టులూ ఏమీ గుర్తులేవంది. క్షయ వచ్చినవాళ్ళ చెంబూ కంచమూ వేరే పెట్టేవాళ్ళని, పిల్లల్ని ఆ గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదని మాత్రం చెప్పింది. ఆ ప్రయోగంలో అవ్వ ఉందో లేదో, ఉంటే ఏ వైపు ఉందో తెలుసుకునే దారి నాకు లేదు. కానీ ఆ తర్వాత అంకెలు మామూలు అంకెల్లా కనిపించలేదు.

వెయ్యికి లెక్కేస్తే టీకా వైపు 6.5, రెండో వైపు 8.1. అయిదింట్లో ఒక వంతు తగ్గినట్టు. కై-స్క్వేర్ 0.93 వచ్చింది. ఫిషర్ చెప్పిన ఒక డిగ్రీతో పి-వాల్యూ సుమారు 0.34. (పియర్సన్ మాట విని మూడు పెడితే 0.82 వచ్చేది.) 0.05 దరిదాపుల్లో కూడా లేదు. నేను రికార్డులో టీకా పని చేయదు అని రాసేశాను. మార్కులు కూడా పడ్డాయి.

అది తప్పు. 0.34 అంటే టీకా పని చేయకపోవడానికి 34 శాతం అవకాశం అని కాదు. టీకా వల్ల ఏ తేడా లేదనే అనుకుందాం, అప్పుడు కూడా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా, ఊరికే వచ్చే అవకాశం 34 శాతం అని. మావాడి కాఫీ లాంటిదే. తెలుసనీ చెప్పలేం, తెలియదనీ చెప్పలేం. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ వేస్తే ఇంకా స్పష్టంగా కనపడుతుంది. టీకా జబ్బుని సగానికి తగ్గించి ఉండొచ్చు, పాతిక శాతం పెంచి కూడా ఉండొచ్చు, ఈ 80 కేసులు ఆ రెంటినీ కాదనలేవు. ఇదే నిష్పత్తి నాలుగున్నర రెట్ల మందిలో, అంటే సుమారు 49 వేల మందిలో వచ్చుంటే పి-వాల్యూ 0.05 కింద ఉండేది.

టేబుల్‌లో ఇంకో నిలువు కూడా ఉంది, ఎవరికి టీకా వేయాలో ఎట్లా తేల్చారన్నది. మదనపల్లె దగ్గర ఆల్టర్నేట్ అని ఉంది. ఒకరు విడిచి ఒకరు అన్నమాట. ఫిషర్ వద్దన్నది సరిగ్గా ఇదే. 1950లో పల్లెల్లో గడప గడపకీ తిరుగుతూ పని చేసిన వాళ్ళని తప్పుపట్టే అర్హత ఏసీ ల్యాబ్‌లో కూర్చున్న నాకు లేదు. అయినా ఆ మాట చూడగానే ఫిషర్ గుర్తొచ్చాడు.

పెద్ద శాంపిల్ ఉంటే మదనపల్లె గెలిచేదని నాకు ఆశ. సొంత ఊరి టీమ్ లాంటిది కదా. కింద ఎనిమిదో వరసలో ఆ పెద్ద శాంపిల్ కూడా ఉంది. 1968లో తమిళనాడు చెంగల్పట్టు జిల్లాలో మొదలైన ప్రయోగం, అదే పదమూడు డిగ్రీలు, ఈసారి రాండమ్. రెండు వైపులా 88,391 మంది చొప్పున. టీకా వైపు జబ్బు 505 మందికి, రెండో వైపు 499 మందికి. దీనికి లెక్క కూడా అక్కర్లేదు. అదే టేబుల్‌లో బ్రిటన్ వరస చూస్తే టీకా వైపు 62, రెండో వైపు 248. భూమధ్యరేఖకి దగ్గరయ్యే కొద్దీ పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయ మీద బీసీజీ బలం తగ్గుతుంది. మట్టిలో, నీళ్ళలో ఉండే క్షయ జాతి సూక్ష్మజీవులు మన ఒంటికి ముందే పరిచయమైపోవడం ఒక కారణం అంటారు. పసిపిల్లల్లో మెదడుకి పాకే క్షయని మాత్రం అది బాగా ఆపుతుంది. అందుకే మనకి పుట్టగానే వేశారు. ఎడమ భుజం మీద మచ్చ చూసుకోండి. 1955లో రాజాజీ బీసీజీని వ్యతిరేకిస్తూ చిన్న పుస్తకమే వేశారు. ఆయన వాదన అంతా నేను ఒప్పుకోను గానీ, రుజువు ఏదని అడగడం మాత్రం తప్పు కాదు.

మళ్ళీ ఫిషర్ దగ్గరికి. 1938 జనవరిలో కలకత్తాలో జరిగిన మొదటి ఇండియన్ స్టాటిస్టికల్ కాన్ఫరెన్స్‌కి ఆయనే అధ్యక్షుడు, పిలిచింది మహలనోబిస్. ఆ కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌లో 1941లో చేరిన ఒక తెలుగు కుర్రాడు, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎం.ఏ., 1946లో కేంబ్రిడ్జికి వెళ్ళి ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. పగలు మ్యూజియంలో పాత ఎముకల కొలతలు, మిగతా టైమ్‌లో ఫిషర్ ల్యాబ్‌లో ఎలుకల పెంపకం. ఆయన సి.ఆర్. రావు గారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో పోయారు. ఫిషర్‌కీ మనకీ మధ్య ఒక్క మనిషే దూరం అని నాకు అప్పుడు తెలిసింది.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే బాగుండేది. కానీ రెండు విషయాలు దాస్తే అబద్ధం రాసినట్టే. ఒకటి, మనుషుల్లో మంచి జాతినే పెంచాలనే యూజెనిక్స్‌ని ఆయన కాలేజీ రోజుల నుంచీ నమ్మాడు, చివరిదాకా వదల్లేదు. ఆయన పేర కేంబ్రిడ్జి కాలేజీలో పెట్టిన రంగుల అద్దాల కిటికీని 2020లో తీసేశారు. ఆవుల ఎత్తు లెక్క అంత అందంగా వేసినవాడు మనుషుల దగ్గరికొచ్చేసరికి అట్లా ఎందుకయ్యాడో నాకు అర్థం కాలేదు.

రెండోది సిగరెట్. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. చీటీలు తీసే పద్ధతిని మనుషుల వైద్యంలోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్. 1948లో వచ్చిన స్ట్రెప్టోమైసిన్ ప్రయోగం ఆయనదే, అదీ క్షయ మీదే. మందు ఇచ్చిన 55 మందిలో ఆర్నెల్లకి నలుగురు పోయారు, మందు లేని 52 మందిలో పద్నాలుగు మంది. ఆ హిల్, డాల్ అనే ఇంకో డాక్టర్ కలిసి 1950లో సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ సంబంధం చూపించారు. ఇక్కడ చీటీ తీయడం కుదరదు కదా, నువ్వు ఇరవయ్యేళ్ళు సిగరెట్ తాగు, నువ్వు మానేయి అని ఎవరికీ చెప్పలేం. ఫిషర్ దాన్నే పట్టుకున్నాడు. సిగరెట్ అలవాటునీ క్యాన్సర్‌నీ ఒకే జన్యువు తెస్తుండొచ్చు కదా అని 1957 నుంచీ వరసగా రాశాడు. తర్కంగా చూస్తే అది కుదిరే ప్రశ్నే. కానీ ఒక్కో కొత్త సర్వే అదే మాట చెప్తున్నా ఆయన కదల్లేదు. ఆయన నోట్లో ఎప్పుడూ పైపు ఉండేది. పొగాకు కంపెనీల సంఘానికి సలహాదారుగా కూడా ఉన్నాడు. డబ్బుల కోసం అన్నాడని నేననుకోవడం లేదు. పైపు కోసమే అని నా అనుమానం. దానికి నా దగ్గర పి-వాల్యూ లేదు.

ఎనిమిది మంది పిల్లల్లో పెద్దవాడు జార్జ్ 1943లో యుద్ధంలో విమానం నడుపుతూ పోయాడు. ఐలీన్‌తో కాపురం అప్పటికే చెదిరిపోయింది. 1952లో సర్ బిరుదు వచ్చింది. రిటైరయ్యాక ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వెళ్ళిపోయాడు. పేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక 1962 జూలై 29న అక్కడే చనిపోయాడు. మదనపల్లె పల్లెల్లో అప్పటికింకా కేసులు లెక్కపెడుతూనే ఉన్నారు.

రికార్డులో ఆ లైన్ కొట్టేసి, ఈ అంకెలతో తేల్చలేం అని రాసుకున్నాను. మావాడు మాత్రం మళ్ళీ ఆట పెట్టమంటున్నాడు. ఈసారి పన్నెండు గ్లాసులు, ఆరు అట్లా ఆరు ఇట్లా. అప్పుడు ఎంచుకునే పద్ధతులు 924. ఆరూ సరిపోయేది 1, అయిదు సరిపోయేవి 36. అంటే ఒకటి తప్పినా 924లో 37, నాలుగు శాతం, హద్దు లోపలే. ఈ లెక్క వాడే వేసుకొచ్చాడు. డికాక్షన్ వాళ్ళమ్మ కుప్పం నుంచి పంపిస్తుందట. చీటీలు మాత్రం నేనే రాస్తానని చెప్పాను.